నెరీదా చుట్టూ గాలి

పొద్దున ఆరింటికి దోన్యా ప్రోవీ పొయ్యి మీద కాఫీ పడేసి, చిన్నకూతురు నెరీదాని మంచం మీద బోర్లా పడుకోబెట్టేది. నడుం కింద రెండు దిళ్ళు, తల కిందికి. అరచెయ్యి దొప్పలా వంచి పక్కటెముకల మీద చరిచేది. ఎడమ వైపు పది నిమిషాలు, కుడి వైపు పది. నెరీదా దగ్గి దగ్గి పచ్చటి కఫం గిన్నెలోకి ఉమ్మేది. అప్పుడు కాసేపు ఆ ఇంట్లో గాలాడేది, కిటికీ తెర అంచు కదిలేది. మధ్యాహ్నానికి రొమ్ము మళ్ళీ కఫంతో నిండేది, తెర ఆగిపోయేది.

నెరీదాకి ఇరవై నాలుగేళ్ళు. ముక్కు కారని రోజు, దగ్గు రాని రోజు ఎరగదు. ఊపిరి గొట్టాల లోపల కంటికానని నూగు ఉంటుందట. గాలికి చెరుకుతోటలా ఊగుతూ కఫాన్ని పైకి తోస్తుందట. ఈ పిల్లకి అది సరిగా ఊగదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె చుట్టూ గాలి కూడా ఆడదన్న సంగతి డాక్టరమ్మ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మోకా ఊరికి అది అలవాటే. లేసు అల్లే ఆడవాళ్ళు దారాలు చిక్కుపడకుండా ఆమె పక్కన చేరేవాళ్ళు. "మీ నెరీదాని ఓ గంట పంపవూ, గోడకి రంగేస్తున్నాం, దుమ్ము పడుతోంది" అని పొరుగింటి దోన్ కసిమీరో వచ్చేవాడు.

అక్క మిగ్దాలియా మాత్రం రోజూ గుమ్మంలో నిలబడి అమ్మ చేతులకేసే చూసేది. ఆ చేతులు ఆమె వీపు మీద పడి ఎన్నేళ్ళయిందో! తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి గట్టిగా దగ్గి మంచం మీద బోర్లా పడుకుంది. అమ్మ చెవొగ్గి విని, "పొడి దగ్గే. లే, బడికి టైమైంది" అనేసింది.

ఇంకో దెబ్బ డాక్టరమ్మ కొట్టింది. "ఇది అమ్మా నాన్నా చెరో వాటా ఇస్తేనే వచ్చే జబ్బు."

"మరి నాకు?" అంది మిగ్దాలియా.

"ఒక్కరే ఇచ్చారో, ఇద్దరూ ఇవ్వలేదో. అదృష్టవంతురాలివి."

కారులో ఇంటికొచ్చేదాకా ఆమెకి అదే ఆలోచన. చచ్చిపోయిన నాన్న కూడా చెల్లికే ఇచ్చిపోయాడు.

ఆ సెప్టెంబరులో దోన్యా ప్రోవీ పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కఫం కదలడానికి నెరీదాకి కరెంటుతో అదిరే చొక్కా ఒకటి తెచ్చి తొడిగారు. రెండు వారాలు గడిచాయి. మూడో వారం తుఫాను కబురొచ్చింది, ముందే కరెంటు పోయింది. రెండు రోజులు చొక్కా అదరలేదు.

తుఫాను మధ్యాహ్నం విరుచుకుపడింది. చుట్టుపక్కల వాళ్ళంతా నెరీదా వాళ్ళ హాల్లోనే చేరారు. బయట రేకులు కాగితాల్లా ఎగిరిపోతున్నాయి. లోపల నెరీదా పక్కన కొవ్వొత్తి మంట నిటారుగా నిలబడింది. కసిమీరో ఆమె పాదాలు ముద్దుపెట్టుకున్నంత పని చేశాడు.

నెరీదా పెదాలు నీలంగా మారాయి.

"మిగ్దా, నువ్వు చరచవే," అంది తల్లి, కట్టు కట్టిన చెయ్యి ఎత్తలేక.

కసిమీరో అడ్డం వచ్చాడు. "ఇప్పుడా! కఫం కదిలిందంటే గాలి లోపలికొస్తుంది. కప్పు లేచిపోతుంది. ఒక్క గంట ఓర్చుకోండమ్మా."

మిగ్దాలియా కదల్లేదు. ఒక్క గంట. ఎవరూ తనని తప్పు పట్టరు. ఆ తర్వాత అమ్మ చేతులకి తను తప్ప ఇంకెవరూ ఉండరు. ఆ ఆలోచన వచ్చిందని ఆమె చాన్నాళ్ళ తర్వాత తనే చెప్పింది, దాచుకోలేదు.

నెరీదా ఒక్కో మాటకీ ఆయాసపడుతూ, "వదిలెయ్... అమ్మా. అక్కకి... చేతకాదు" అంది.

మిగ్దాలియాకి ఒళ్ళు మండిపోయింది. "నాకు చేతకాదా? ఇరవై ఏళ్ళుగా ప్రతి దెబ్బా లెక్కపెడుతున్నానే! ఏ ఎముక మీద ఎన్ని పడ్డాయో నీకు తెలుసా, నాకు తెలుసు!" చెల్లిని ఒళ్ళోకి లాగి బోర్లా వేసింది. "కసిమీరో మావా, అందర్నీ స్నానాల గదిలోకి తీసుకుపో. దాని కప్పు సిమెంటుది."

చెయ్యి దొప్పలా వంచింది. చరిచింది. అమ్మ ఎక్కడ బలం తగ్గిస్తుందో, ఎక్కడ పెంచుతుందో ఆమె చేతికి ముందే తెలుసు. కొవ్వొత్తి మంట వంగింది. ఆరిపోయింది. నెరీదా ఒక్కసారిగా దగ్గింది, ముద్ద ముద్దగా కఫం పడింది, పెద్దగా ఊపిరి పీల్చుకుంది. తలమీద రేకులు ఒక్కొక్కటే చీల ఊడి లేచాయి. అక్క చెల్లి తలని పొట్టకి అదుముకుని, తల్లిని భుజంతో తోసుకుంటూ, అందరి వెనకా ఆ గదిలో దూరింది.

మంచాలు, లేసు పెట్టెలు, కిటికీ తెరలు, ఏమీ మిగల్లేదు. కప్పు మీద నీలం టార్పాలిన్ కట్టుకున్నారు. తల్లి చెయ్యి బాగయ్యాక కూడా నెరీదా అక్కనే పిలిచేది.

తన మాట కాదన్నారని కసిమీరో రెండు నెలలు వాళ్ళతో మాట్లాడలేదు. మూడో నెల ఒక పొద్దున మనవరాల్ని దుప్పటిలో చుట్టుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పుట్టిన్నాటి నుంచీ దీనికి ముక్కు కారుతూనే ఉంది, మిగ్దా. నిన్నటి నుంచి ఉయ్యాల మీద దోమతెర కదలడం లేదు."

లోపల్నుంచి నెరీదా అరిచింది. "ఎవరిదే ఆ పిల్ల? అక్కా, నా కుడి వైపు ఇంకా మిగిలే ఉంది! ముందు నాకు!"

మిగ్దాలియా రెండు చేతులూ చాచింది. పాపని ఒళ్ళో బోర్లా వేసుకుంది. ఆ వీపంతా కలిపి తన అరచెయ్యంత లేదు. చెయ్యి ఎత్తి, ఆగి, మూడు వేళ్ళు చాలనుకుంది.