ఒకే కొలత కుర్చీలు

కిటికీ గ్రిల్సూ గేట్లూ చేసే ఆ షెడ్డులో ఇప్పుడు గోడ పొడుగునా కుర్చీలే. బడిపిల్లలు కూర్చునేంత చిన్నవి. కాళ్లు తుపాకీ గొట్టాలు, వీపు ఆనేచోట ట్రిగ్గర్లు. బడిలో కాల్పులు జరిగాక, భయపడో సిగ్గుపడో జనం పోలీసులకు అప్పగించిన తుపాకులవి. పోలీసులు వాటిని ముక్కలు కోయించి గోతాల్లో పంపారు.

తుపాకుల బిల్లు మీద చర్చ రేపే మొదలు. ఈలోగా చట్టసభ మెట్ల మీద ఈ కుర్చీలు ఉండాలని, వాటిని అతుకుతున్న ఆమె పట్టు. లోపలికి వెళ్లేవాళ్లు వాటి మధ్య నుంచే దారి వెతుక్కోవాలి. పోయిన ఒక్కో పిల్లకీ ఒక కుర్చీ. వాళ్లలో మూడో తరగతి చదివే ఆమె కొడుకూ ఉన్నాడు.

"కడుపుకేమైనా వేశావా వదినా?" అన్నాడు మరిది, వెల్డింగు ముసుగు పైకెత్తి.

"పొద్దున తిన్నాను."

"తిన్నది టీ. దాన్ని తిండంటే పళ్లు కోపగించుకుంటాయి."

ఆమె నవ్వలేదు గానీ రాడ్డు కింద పెట్టింది. అతనికి అంతే చాలు.

సాయంత్రం పిల్లల తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చారు. గుళ్లో తిరిగినట్టు నెమ్మదిగా తిరిగారు. వాళ్లలో ఒక బస్సు డ్రైవరు మాత్రం ఒక కుర్చీ ముందు చాలాసేపు నిలబడిపోయాడు.

"ఏమనుకోకమ్మా, ఒక మాట."

"చెప్పండన్నయ్యా."

"మా పెద్దది తొమ్మిదో తరగతి. నా అంత పొడుగు. ఇంట్లో కరెంటు స్తంభం అనేవాళ్లం. ఇందులో కూర్చుంటే దాని మోకాళ్లు గడ్డానికి తగులుతాయి."

"ఊరుకోండి. ఆవిడ ఇంత కష్టపడి చేస్తే..." అంది అతని భార్య.

ఆమె తను చేసిన కుర్చీల వైపు చూసింది. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. గ్రిల్సు పని అలాగే చేస్తారు. ఒకటి సరిగ్గా చేసుకుని, దాని కొలతకి బల్ల మీద చట్రం బిగిస్తారు. ముక్కలు అందులో పెట్టి అతికితే ఎన్నైనా వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తాయి. మొదటి కుర్చీకి ఆమె కొలత తీసుకున్నది ఇంట్లో కొడుకు కుర్చీకి. ఆ తర్వాత అందరి పిల్లల్నీ ఆ చట్రంలోనే పెట్టింది.

"నీకు తెలుసా?" అంది మరిదితో.

"తెలుసు."

"చెప్పొద్దూ?"

"ఏమని చెప్పను వదినా? అయిన ప్రతి కుర్చీనీ నువ్వు చేత్తో తడుముతుంటే."

ఆమె టేపు తీసింది. "రేపు లారీ వద్దు. మళ్లీ చేస్తాను. ఎవరి పిల్లల ఎత్తు వాళ్లు చెప్పండి."

"ఇనుమేది? గోతాలు ఖాళీ," అన్నాడు మరిది.

"దానికేం కరువు, వస్తూనే ఉంటుంది," అన్నాడు డ్రైవరు. అనేసి తల దించుకున్నాడు. మళ్లీ అతనే, "ఇలాగే వెళ్లనివ్వమ్మా. మా పిల్ల ఎత్తు ఆ సభవాళ్లకేం తెలుసు?" అన్నాడు.

అతని భార్య మాత్రం టేపు కొస పట్టుకునే ఉంది. "రాయడమైతే ఏ ఎత్తు రాస్తారు? అప్పటిదా? ఈపాటికి ఇంకా పెరిగేది కదా. మీ బాబుకి ఎప్పటిది తీసుకున్నారు?"

ఇంట్లో ఆ కుర్చీ వాడు బడిలో చేరిన కొత్తలో కొన్నది. ఇరుకైపోయింది, కొత్తది కొనమని వాడు చెవిలో జోరీగలా పోరేవాడు. పరీక్షలు కానీ, చూద్దాంలే అంటూ వచ్చింది ఆమె. చివరికి వాడి కుర్చీ కూడా వాడికి పట్టేది కాదు.

తెల్లారి లారీ వచ్చింది. వద్దనడానికి ఆమెకి ఓపిక లేకపోయింది. ఎక్కించే మనిషి కుర్చీ మీద కుర్చీ పేర్చి తాడు బిగించాడు. "అన్నీ ఒకే కొలత చేశారు, మంచి పని చేశారమ్మా," అన్నాడు మెచ్చుకోలుగా. "ఒకదాంట్లో ఒకటి చక్కగా కూర్చున్నాయి."