వంటింటి వైపు వాలిన ఇల్లు

బాబాహోయో ఊళ్ళో గవర్నరుగారి కచేరీ, పెద్ద చర్చి, బజారు అన్నీ గట్టు మీద ఉంటే, సొయిలా ఇల్లు మాత్రం ఏటి మీద ఉంది. అడుగున తేలే దుంగలు, పైన వెదురు గోడలు, గట్టున గుంజకు కట్టిన తాడు. ఆ ఇల్లు ఇప్పుడు వంటింటి వైపు వాలిపోతోంది. దుంగలు కుళ్ళాయి. వానలు పడేలోగా మార్చకపోతే ఇల్లు ఏటి పాలే.

కొత్త దుంగలు తెచ్చి పక్కనే కట్టేసుకుంది. నీళ్ళలో మునిగి వాటిని ఇంటి కిందికి తొయ్యగలవాడు పక్కింటి ఎలియోదోరో ఒక్కడే. అతనితో ఆవిడకు మాటల్లేవు. పోయిన వరదప్పుడు అతను ఊళ్ళో లేడు. ఏరు పొంగుతుంటే తాడు వదులు చెయ్యాలి, లేకపోతే ఇల్లు నీళ్ళతోపాటు పైకి లేవలేక మునిగిపోతుంది. సొయిలా మేలు చెయ్యబోయి అతని తాడూ వదిలింది, కాకపోతే మరీ ఎక్కువ వదిలింది. ఇల్లు వెళ్ళి వంతెన స్తంభానికి కొట్టుకుంది. అతని వంటిల్లు ఊడి కొట్టుకుపోయింది.

గట్టు మీద గది చూస్తాను వచ్చెయ్యమని కూతురు మరీసెల పోరుపెట్టింది. కదలని నేల మీద నాకు నిద్ర పట్టదంది సొయిలా. అయితే వెళ్ళి ఆయన్ని పిలువు అంది కూతురు. వరదప్పుడు తప్ప, పిలవకుండా ఒకరి ఇంటి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు అక్కడ. ఇంటివాళ్ళే వెళ్ళి నోరు తెరిచి అడగాలి. సొయిలాకు అడగడమంటే తల తీసేసినంత పని. మూతి బిగించుకుని నెల గడిపింది, మహా తల్లి.

ఒక పొద్దున పొయ్యిలోకి నీళ్ళొచ్చి నిప్పు ఆరిపోయింది. ఆవిడ ఇంక ఆగలేక, రెండిళ్ళ మధ్య నడవడానికి వేసిన చెక్కబల్ల దాటి అతని గుమ్మంలో నిలబడింది. ఎలియోదోరో వల బాగుచేసుకుంటున్నాడు.

"అన్నా, నా ఇల్లు మునిగిపోతోంది. వచ్చి చూడు" అంది. అతని చేతిలో వల వంక చూస్తూ, "ఆ తాడు నాకు అంచనా తెలీక వదిలేశా. తప్పు నాదే" అంది.

అతను వల పక్కన పెట్టి నీళ్ళలోకి దిగాడు.

పొద్దు వాలేసరికి ఇల్లు సమంగా తేలింది. పొయ్యి మళ్ళీ రాజుకుంది. అరటికాయలు వేసి వండిన చేపల కూర వడ్డిస్తూ, ఎగువన వరికోతలకు మగాళ్ళంతా వెళ్ళిపోయారు గదా, నువ్వెందుకు వెళ్ళలేదని అడిగింది సొయిలా.

"నీ ఇల్లు వాలడం నాకు కనపడదా? పిలవందే ముట్టుకోకూడదాయె. ఇవాళ పిలుస్తుంది, రేపు పిలుస్తుందని ఇక్కడే పడున్నా" అన్నాడు ఎలియోదోరో, పళ్ళెంలోంచి తలెత్తకుండా. "ఎంత మొండిదానివే తల్లీ."

సొయిలాకు ఏడుపొచ్చింది. పొగ అని కూడా బుకాయించలేదు. ఏడుస్తూనే అతనికి ఇంకో చేప ముక్క వేసింది.