పుస్తెల పక్కన పిన్నీసు

నేను ఒక పిన్నీసుని. ఇత్తడిదాన్ని. నా పుట్టుక గురించి నాకు గుర్తున్నది కొంచెమే. ఏదో వేడి, ఒక సన్నని తీగ, ఎవరో నన్ను మెలితిప్పి తలమీద చిన్న టోపీ పెట్టడం. తర్వాత పదకొండుమంది అక్కచెల్లెళ్ళతో ఒక రింగుకి వేలాడుతూ చాలాకాలం కలలు కన్నాను. సామర్లకోటలో గాజులమ్మే ముసలమ్మ బుట్టలోంచి నన్ను ఏరుకున్నది మంగతాయారు. ఏరుకుని తిన్నగా తన పుస్తెలతాడుకి తగిలించుకుంది.

మా వైపు ఆడవాళ్ళ పద్ధతే అంత. బంగారం పక్కన ఒక పిన్నీసు ఉండాల్సిందే. కాల్లో ముల్లు దిగినా, జాకెట్టు హుక్కు ఊడినా, నడిదారిలో మొగుడి చెప్పు తెగినా చెయ్యి వెళ్ళేది నా దగ్గరికే. శుక్రవారం పసుపు రాసి కళ్ళకద్దుకునేది మాత్రం పుస్తెల్ని. పోనీలెండి, మనుషుల సంగతి నాకు తెలియనిదా!

నా చోటు గుండెమీద. మంగతాయారు ఊపిరి తీస్తే పైకి, వదిలితే కిందికి. కాలవలో పడవమీద పడుకున్నట్టుండేది. అలా ఊగుతూ ఊగుతూ ఉండగా ఒకనాడు నా కింద ఏదో తగిలింది. సెనగగింజంత గడ్డ. ఆవిడకీ తెలిసింది. స్నానాల గదిలో వేలు అక్కడికి వెళ్ళి, కాలినట్టు వెనక్కి వచ్చేసింది. ఎవరితోనూ అనలేదు. పమిట ఇంకాస్త పైకి లాక్కుని, నన్ను తాడు నుంచి తీసి దానికి గుచ్చింది. ఆ పమిటని బిగించి పట్టుకున్నది నేనే. సెనగగింజ రేగుపండైంది. నేను బిగించే ఉన్నాను. నలభై ఆరో ఏట మంగతాయారు వెళ్ళిపోయింది.

బంగారం ఎవరికి రావాల్సింది వాళ్ళు తీసుకున్నారు. నన్నెవరూ అడగలేదు. కూతురు సత్యవేణి నన్ను తీసి తన తాడుకి పెట్టుకుంది. ఆ తాడుమీద నాకు ఇరవై రెండేళ్ళు గడిచాయి.

సత్యవేణి గుండె తల్లి గుండెలా పడవ కాదు, పిట్ట. ఊరికే కొట్టుకునేది. భర్త వీర్రాజు లారీలో కొబ్బరికాయలు వేసుకుని రాయపూర్ వెళ్తే, తిరిగొచ్చేదాకా ప్రతి మలుపులోనూ అతన్ని బోల్తా కొట్టించేది. కూతురు అమూల్య రెండుసార్లు దగ్గితే మూడో దగ్గుకి ఎక్స్‌రే. ఇంట్లో అందరి రిపోర్టులూ ఒక గుడ్డసంచిలో దాచేది. అందులో తన పేరున ఒక్క కాగితం లేదు.

తనకి నలభై ఆరో ఏడు వచ్చిన రోజు నుంచి ఆ చెయ్యి తరచు నా దగ్గరికి రావడం మొదలైంది. వచ్చి, నన్ను పట్టుకుని ఆగిపోయేది. పక్కకి జరిగేది కాదు. జరిగితే ఏం తగులుతుందో అని. నా గుండె, అంటే ఆవిడదే లెండి, పిట్టలా రెక్కలు కొట్టుకునేది.

"అమ్మా, అమ్మమ్మకి అలా అయింది కదా, నువ్వోసారి రొమ్ము పరీక్ష చేయించుకోవచ్చుగా?" అంది అమూల్య.

"నాకేవొచ్చిందే? రాయిలా ఉంటేను!"

"ఏమీ రాకముందే వెళ్ళాలంటమ్మా."

"ఏమీ రాకముందే వెళ్తే, ఏదో ఒకటి పేరు పెట్టేదాకా వదుల్తారేంటే?"

అయినా వెళ్ళారు, కాకినాడకి. పరీక్ష గదిలో కరుణకుమారి అనే ఆవిడ ఉంది. ఫొటోలు తీసేది ఆవిడే. "మెడలోవన్నీ తీసెయ్యండమ్మా, ఫొటోలో అడ్డొస్తాయి" అంది.

సత్యవేణి నన్నూ పుస్తెల్నీ కలిపి గుప్పిట్లో పట్టుకుంది. ఆ చెమట నాకింకా గుర్తే. వీర్రాజు లారీ ఆ పూట ఘాటు రోడ్డుమీద ఉంది. "పుస్తెలా? ఆయన దారిమీద ఉండగానా!" అని జాకెట్టు సర్దుకుని, చెప్పులు చేతపట్టుకుని వచ్చేసింది.

 సామర్లకోటలో బస్సు దిగాక అమూల్య ఒక్కమాటంది. "నాన్నకేమీ కాకూడదని వచ్చేశావు. మరి నాకు అమ్మ ఉండక్కర్లేదా?"

ఆ సాయంత్రమంతా సత్యవేణి మెడలోనే నన్ను తెరవడం, మూయడం, తెరవడం, మూయడం. నేను తెరుచుకున్నప్పుడల్లా నాకొకటే కల. పమిట చాటున ఒక సెనగగింజ మొలకెత్తుతూ.

మర్నాడే మళ్ళీ వెళ్ళారు. కరుణకుమారి చూసి నవ్వింది. "వచ్చారా అమ్మా! నిన్న నేను నోరు తెరిచేలోపే వెళ్ళిపోయారు" అంటూ సొరుగు లాగింది. చేతి తొడుగుల పక్కన, కాగితాల కింద, పసుపుతాళ్ళ కట్ట. ఒక్కో తాడుకీ ఒక పసుపుకొమ్ము.

"నేను యేసయ్య బిడ్డనమ్మా, నాకివి లేవు. కానీ మీలా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ళని చూడలేక వారం వారం బజార్లో ఇవి కొంటన్నాను. ముందిది కట్టుకోండి, తర్వాత అది తీయండి. మెడ క్షణం కూడా బోసిపోదు. పసుపుకొమ్మేగా, వీపువైపు తిప్పుకుంటే ఫొటోకి అడ్డం రాదు."

సత్యవేణి తాడు అందుకుంది. అటూ ఇటూ చూసింది. "తూర్పెటమ్మా?"

"మిషనువైపే అమ్మా!"

మిషనుకి దణ్ణం పెట్టి మరీ కట్టుకుంది.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నేను ఆ మెడ దిగాను. స్టీలు గిన్నెలో పుస్తెల మధ్య పడుకున్నాను. చల్లగా ఉంది. ఊపిరి లేదు, పిట్ట లేదు. తలుపవతల మిషను తుమ్మెదలా ఝుమ్మంటోంది. ఆ చప్పుడులో నాకు మంగతాయారు కనిపించింది, కాలవగట్టున నిలబడి, పమిట వదులుగా. నన్ను చూసి ఏమీ అనలేదు. అననందుకే నాకు భయమేసింది. గిన్నెలో ఉన్నవాళ్ళం ప్రార్థించకూడదా? ప్రార్థించాను.

మూడో రోజు డాక్టరమ్మ కాగితం చూసి, "ఏమీ లేదమ్మా" అంది.

"ఏమీ లేదా? సరిగ్గా చూశారా? మా అమ్మకి..."

"అందుకే మీరు ఏటా రావాలి. వచ్చే ఏడాది ఇదే నెలలో."

సత్యవేణి వరండా బల్లమీద కూర్చుని ఏడ్చింది. తనకోసం కాదు. "ఈమాత్రానికేనా అమ్మా... ఈమాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదా నిన్ను" అంటూ నన్ను తడుముతూ ఏడ్చింది. అమూల్య పక్కన కూర్చుంది.

వీర్రాజుకి ఫోను చేసి, "ఏవండీ, పుస్తెలు తీశానండి" అని భయపడుతూ చెప్పింది.

"తీస్తే తీశావులే. నేను టీ తాగుతున్నాను, లారీ నిలబడే ఉంది. కాగితంలో ఏమొచ్చిందో చెప్పవే ముందు!" అన్నాడతను. 

ఇంటికొచ్చాక ఆవిడ నన్ను తాడు నుంచి విప్పింది. అరిగిపోయానని పారేస్తుందేమో అనుకున్నాను. గుండెమీదివాళ్ళకి భయం అంటుకుంటుంది మరి. పారెయ్యలేదు. గోడమీద క్యాలెండరుకి వచ్చే ఏటి చీటీనీ, ఆ పసుపుతాడునీ కలిపి నాతో గుచ్చింది. గుడ్డసంచిలో తన పేరున మొదటి కాగితం పెట్టింది.

ఇప్పుడు నేను గోడమీదుంటాను. గాలొస్తే కాగితంతోపాటు ఊగుతాను, పడవలాగే. ఇన్నేళ్ళూ పమిట బిగించి పట్టుకున్నదాన్ని, ఇప్పుడు అందరికీ కనబడేలా ఒక తారీకుని పట్టుకున్నాను. నిన్న పక్కింటి నూకరత్నం పంచదారకని వచ్చి, "ఏటే సత్యవేణీ, క్యాలెండరుకి పసుపుతాడు కట్టావు? దానికి పెళ్ళి చేశావేంటి?" అంది.

సత్యవేణి నవ్వి, గ్లాసులో పంచదార పోస్తూ, "కూర్చో వదినా, చెప్తాను. నీకెన్నేళ్ళు?" అంది.