తాడుకి ఈ కొస

గుడ్లూ రొట్టెలూ పొట్లాలు కట్టి, ఫ్లాస్కులో కాఫీ పోసి మూత బిగిస్తుంటే వెండెల్ వెనక నుంచి వచ్చి, "ఇవాళ కారు నువ్వే తోలాలి నాడీన్. రోజూ తోలే కార్ల్‌కి జ్వరం," అన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా అన్నాడు.

నాడీన్ ఫ్లాస్కు కింద పెట్టింది. ఏ కారో అడగక్కర్లేదు. ఎండిన సరస్సు మీద వాళ్లాయన వెండెల్ కూర్చునే విమానాన్ని తాడుతో లాగే కారు.

దాన్ని విమానం అనడానికి ఆమెకి నోరు రాదు. రెక్కలేవీ? పడవని నిలువునా చీల్చి, కింద చక్రాలు తగిలించి, వెనక రెండు చెక్కలు నిలబెట్టినట్టుంటుంది. మొజావీ ఎడారిలో అందరూ దాన్ని స్నానాల తొట్టి అనే అంటారు. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే మనిషి పారాచూట్ గొడుగు కట్టుకుని సముద్రంలో దబ్బున పడకుండా, ఇలాంటి తొట్టిలో కూర్చుని దర్జాగా నేల మీద దిగాలని ఇక్కడ ప్రయోగాలు చేసేవాళ్ల తాపత్రయం. పైనుంచి దిగేటప్పటి వేడికి రెక్కలు నిలవ్వట. అందుకని ఒళ్లే రెక్క. ఇంజను కూడా లేదు. కారు లాగితే గాలిపటంలా లేస్తుంది. లేవకపోతే వెండెల్ లేవడు, అంతే.

ఆ తొట్టిలో సీటు దిండు కుట్టింది నాడీన్. వాళ్లందరి నూనె బట్టలు ఉతికేదీ, తిండి కట్టేదీ ఆమే. జీతం మాట వస్తే, "నువ్వు మాలో మనిషివేగా," అని నవ్వేవారు. ఎగిరే రోజు మాత్రం ఇంట్లో భయం అన్న మాట అనకూడదు. పైలట్ల భార్యలందరికీ అదే కట్టుబాటు. అత్తగారు మాత్రం కోడల్ని దెప్పకుండా నోరు కట్టేసుకోలేని మనిషి. "మా ఇంట్లో ఆడవాళ్లు వాకిట్లో నవ్వుతూ చెయ్యి ఊపి, తలుపేసుకుని ఏడుస్తారు. నువ్వేమిటమ్మా, ఏడుపు మొహానికి పూసుకుని ఊరంతా తిరుగుతావు," అనేది.

తోలడం రాదని తప్పించుకుందామంటే వీల్లేదు. నాడీన్ వాళ్ల నాన్నకి గ్యారేజీ ఉండేది. పెళ్లికి ముందు ఇదే సరస్సు మీద ఆమె డొక్కు కార్లతో పందేలు వేసేది. మా అమ్మాయి పొద్దున్న తోలిన కారు నీడ సాయంత్రానికి గానీ ఇల్లు చేరదని ఆయన ప్రమాణం చేసి మరీ చెప్పేవాడు. పెళ్లయ్యాక స్టీరింగు వెండెల్‌ది, మ్యాపు ఆమెది. దారి తప్పితే తప్పు మ్యాపుది.

తెల్లారేసరికి తాడు కట్టారు. కారులో వెనక్కి తిరిగి కూర్చుని తొట్టిని చూస్తుండే మనిషి కూడా ఆ రోజు రాలేదు. అద్దం చాలన్నాడు వెండెల్. "నేను తాడు వదిలేదాకా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యకు. ఏం కనబడినా సరే. ఆడవాళ్లకి బ్రేకు మీదే ధ్యాస," అని తొట్టిలోకి దిగి మూత వేసుకున్నాడు.

లాగింది. నేల పళ్లెంలా చదునుగా ఉంది, అయినా ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అద్దంలో తొట్టి ముక్కు ఎత్తింది, చక్రాలు నేలని వదిలాయి. కాసేపు బుద్ధిగానే ఉంది. తర్వాత ఎడమకి ఒరిగింది. కుడికి ఒరిగింది. మళ్లీ ఎడమకి, ఈసారి ఇంకా ఎక్కువ. తొట్టి అంచు నేలకి తగిలేట్టుంది. "తాడు వదులు," అంది రేడియోలో. "లాగు, లాగు," అన్నాడతను. ఆ గొంతు ఆమె ఎప్పుడూ విన్నది కాదు. ఆమె చెమట కళ్లలోకి దిగింది. ఆ ముందు రోజు దాకా ఎవరు ఏం చెబితే అది చేసిన కాలు, ఎవర్నీ అడక్కుండా మెల్లగా పైకి లేచింది. తొట్టి కిందికి వాలి, ఒకసారి ఎగిరిపడి, చక్రాల మీద నిలబడింది.

దూరంగా షెడ్డు దగ్గరున్న వాళ్లకి దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. వాళ్లు వచ్చేలోపు వెండెల్ ఆమెని పక్కకి లాగాడు. "కారు ఇంజను దగ్గిందని చెప్పు. ఊగిన సంగతి ఎత్తకు. ఎత్తితే నెలల తరబడి కొలతలు తీసుకుంటూ కూర్చుంటారు. రేపు పొద్దున్నే మళ్లీ లాగిస్తే అదే సర్దుకుంటుంది. అయినా పెళ్లాం జడిసిందంటే నా పరువేం కావాలి?" అంటూ నడుం పట్టీ విప్పుకోబోయాడు. రెండుసార్లు లాగినా పట్టీ ఊడి రాలేదు. ఆమే విప్పింది.

ఇంజను దగ్గిందని చెప్పడం ఎంత సులువో ఆమెకి తెలుసు. అతను తాగి పడుకుంటే జ్వరమని చెప్పింది, విందులో అతను నోరు జారితే తనే ఏదో అన్నానని చెప్పింది. అవన్నీ దగ్గిన ఇంజన్లే. ఆ అబద్ధాలకి పోయింది ఆమె ఒక్కదాని పరువే. ఈ అబద్ధం చెబితే మెకానిక్కులు పాపం బాగున్న కారుని విప్పి బిగిస్తారు. రేపు ధైర్యం గల మగాడెవడో కాలు తియ్యకుండా లాగుతాడు. తాడుకి ఆ కొసన వెండెల్ ఉంటాడు. చెబితే ఈయన ఇంట్లో తనతో మాట్లాడడు, మాట్లాడితే ఇంకా భయం. చెప్పకపోతే మాట్లాడ్డానికి మనిషే ఉండడు.

ఎగిరాక బల్ల చుట్టూ కూర్చుని, ఆ పనిలో చెయ్యి పెట్టిన ప్రతివాడూ తనేం చేశాడో, ఎందుకు చేశాడో చెప్పాలి. ఎవరూ అడ్డు రాకూడదు, ఎవర్నీ తిట్టకూడదు. అది అక్కడి పద్ధతి. వెండెల్ చెప్పాడు, ఇంజను సంగతి కూడా తనే చెప్పేశాడు. తాడు కట్టినవాడు చెప్పాడు. అందరిదీ అయిందనుకుని ఆ ప్రయోగాలు నడిపే పెద్దాయన టల్లీ కుర్చీలోంచి లేవబోయాడు.

"నేను మిగిలాను," అంది నాడీన్.

టల్లీ మళ్లీ కూర్చున్నాడు. వెండెల్ బల్ల కింద ఆమె మోకాలు నొక్కాడు.

"కారుకి ఏమీ కాలేదు. తొట్టి గాల్లో అటూ ఇటూ ఊగింది. ఊగినకొద్దీ ఊపు పెరిగింది. తాడు వదలమన్నాను, వదల్లేదు. నాకు భయమేసింది. అందుకని కాలు తీశాను."

ఎవరూ అడ్డు రాలేదు. వెండెల్ చెయ్యి ఆమె మోకాలి మీంచి జారిపోయింది.

"ఎంత భయమేసిందమ్మా?" అన్నాడు టల్లీ నెమ్మదిగా.

"రేపూ కాలు తీసేంత," అంది.