చెవి పెట్టి విన్న రొట్టె

మా అక్కవాళ్ళ అత్తగారు జన్మలో ఒక్క వంటకం కూడా రుచి చూసి దించలేదు. విని దించుతారు. గిన్నె మీద మూత పెట్టి, మూతకి బెత్తెడు దూరంలో కుడిచెవి ఉంచి, కళ్ళు మూసుకుని నిలబడతారు. "ఇంకా గొణుగుతోంది" అన్నారంటే ఉడకలేదని. "నవ్వింది" అన్నారంటే దించెయ్యమని. వీధి వీధంతా ఆవిణ్ణి చెవులమ్మ అంటుంది. ఒకసారి పక్కింటివాళ్ళ పొయ్యి మీద పాలు పొంగబోతుంటే ఇక్కణ్ణించే కేకేసి ఆపించారు. మధ్యలో రెండు గోడలూ, ఆడుతున్న పిండిమరా ఉన్నాయి. మూడో గోడ కూడా ఉందంటారు గానీ, ఉన్నదానికి మించి చెప్పడం నాకు అలవాటు లేదు.

ఆవిడ చిక్కటి కూరగాయల సూపు ఒకటి చేస్తారు. తాగినవాళ్ళు గిన్నె అడుగున తమ మొహం కనపడేదాకా వదలరు. మా అక్క ఆ ఇంటికి కోడలిగా వెళ్ళి, పదకొండేళ్ళు ఆ మూత పక్కనే నిలబడి వినడం నేర్చుకుంది. మా పుట్టింటి విద్య వేరు. మా నాన్నది రొట్టెల బట్టీ. అక్క చెయ్యి తగిలితే పిండికి కూడా హాయిగా నిద్రపట్టేది.

ఈ రెండు విద్యల్నీ కలిపి అక్క హోటలు పెట్టింది. ఆరు బల్లలు, ఒక బట్టీ, ఒకే ఒక్క వంటకం. రొట్టెపిండిని గిన్నెలా మలిచి, అందులో అత్తగారి సూపు పోసి, పిండితోనే మూతేసి కాల్చడం. బోర్డు మీద ‘అత్తగారి చేతి వంట’ అని రాయించింది. తగిలించింది నేనే.

అత్తగారు ఆ బోర్డు చూసి నడుం మీద చెయ్యి వేసుకున్నారు.

"నా సూపుని పిండిలో పాతిపెట్టి, నా చేతి వంటంటావేంటమ్మాయ్?"

"మీ సూపే అత్తయ్యా. ఒక్క చుక్క మార్చలేదు."

"మార్చలేదు. సమాధి కట్టావు."

బావ మధ్యలో దూరాడు. "అమ్మా, ఇప్పుడందరూ ఇలా కలిపే తింటున్నారు. ఫ్యూజన్ అంటారు."

"నువ్వూరుకోరా. ఆకలేస్తే నువ్వు దేన్నైనా ఏదో ఒకటి అంటావు." ఆవిడ నావైపు తిరిగారు. "ఒరేయ్ అబ్బాయ్, తెరిచే రోజు మొదటి రొట్టె నా ముందు పెట్టండి. అది నాది కాకపోతే నా పేరు అక్కడ ఉండటానికి వీల్లేదు. నిచ్చెన దగ్గర పెట్టుకో."

ఆ రాత్రి నుంచి అక్కకి ముద్ద దిగలేదు. "జనం మెచ్చుకున్నా లాభం లేదురా. ఆవిడ కాదంటే, పదకొండేళ్ళు నేను నేర్చుకున్నదంతా దొంగసరుకే" అంది, పిండి పిసుకుతూ.

తెరిచే రోజు మధ్యాహ్నం. ఇంట్లో అత్తగారు గిన్నె ముందు నిలబడితే పిల్లి కూడా అడుగులో అడుగేసి నడిచేది. ఇక్కడ పొగ లాగే ఫ్యాను ఒకటి గోడకి బిగించారు. అది తిరుగుతుంటే వీధిలో కాకులు వెనక్కి ఎగిరాయి. బయట ఆరు బల్లలకి అరవైమంది, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అక్క మూత మీదకి వంగింది. ఏమీ వినపడలేదు. ఫ్యాను ఆపితే పొగ, వేస్తే మోత.

"ఒక్కసారి రుచి చూసెయ్ అక్కా. చెంచా ఇదిగో" అన్నాను.

పొరుగింట్లో గొలుసు కొట్టేద్దామని నేను అన్నట్టు చూసింది నావైపు. ఆ ఇంటి కోడలు చెంచాతో రుచి చూడటమా! ఊహ మీదే దించి, పిండిలో పోసి, బట్టీలోకి తోసింది.

మొదటి రొట్టె వచ్చింది. పొద్దుటి సూర్యుడు దిగి బల్లెక్కినట్టుంది. నేను ఓ చేత్తో నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. అత్తగారు చెయ్యెత్తారు. అంతే, నేను ఫ్యాను ఆపాను, అరవై నోళ్ళూ వాటంతటవే మూతబడ్డాయి. ఆవిడ కుడిచెవి రొట్టె మీదకి వంచారు.

చిట్. చిటచిట.

తాజా రొట్టె బయటికి రాగానే చల్లారుతూ పైపెచ్చు అలా పగులుతుంది. బట్టీ దగ్గర పెరిగినవాణ్ణి, నాకు ఆ చప్పుడు కొత్త కాదు. కానీ దాని కింద, లోతున, ఇంకోటి వినపడింది. గుబ... గుబ... సూపు లోపల ఇంకా ఉడుకుతోంది. పైన మా నాన్న బట్టీ, కింద ఆవిడ గిన్నె, ఒకరు ఆగితే ఒకరు అందుకుంటున్నారు. నా ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. చేతిలో నిచ్చెన కూడా వణికింది. ఎండిన కట్టె, దానికేం తెలుసు? అయినా వణికింది.

"వినపడలేదు అత్తయ్యా, తొందరపడి దించేశాను" అంది అక్క.

"తెలుసు. ఉష్. లోపల అవుతోంది."

ఎదురుచూశాం. ఓ పెద్దాయన వచ్చిన దగ్గుని వచ్చినట్టే మింగేశాడు. వీధిలో సైకిలు మీద పోతున్నాయన, ఎందుకో తెలీకుండానే దిగి నడిపించుకుపోయాడు. ఈగ ఒకటి గోడ మీద వాలి, మళ్ళీ ఎగరడానికి మొహమాటపడింది.

ఆవిడ కళ్ళు తెరిచారు. తడిగా ఉన్నాయి.

"నవ్వింది. కొయ్యి."

అక్క కోసింది. ఆవిడ తిన్నారు. రొట్టె గిన్నె గోడలు కూడా తుంచుకుని తిన్నారు. మూతి తుడుచుకుని, "ఇది నాది కాదు" అన్నారు.

అక్క పక్కనున్న కుర్చీ పట్టుకుంది.

"నా గిన్నెకి ఒకటే గొంతు. దీనికి రెండు. నలభై ఏళ్ళుగా వింటున్నాను, ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. దొంగసరుకైతే నాకు తెలీదా? ఇది నీ సొంతం అమ్మాయ్. ఒరేయ్ అబ్బాయ్, నిచ్చెన వెయ్యి. ‘అత్తగారి’ చెరిపించి ‘కోడలి’ అని రాయించు."

"మీ పేరు లేకపోతే నేను తలుపే తియ్యను" అంది అక్క, ఏడుస్తూనే మొండిగా.

ఆవిడ బోర్డు వైపు ఓసారి చూశారు. "సరే ఏడవకు. కింద చిన్నక్షరాలతో ‘అత్తగారు విన్నారు’ అని రాయించు. ముందు ఆ ఫ్యాను నోరు శాశ్వతంగా మూయించండి."

ఇప్పటికీ బోర్డు అలాగే ఉంది. రోజూ మొదటి రొట్టె బల్ల మీదకి రాగానే హోటలంతా బొమ్మల్లా అయిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు భయపడి, ఎవరైనా పోయారా అని పక్కవాళ్ళని అడుగుతారు.

అత్తగారు కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తుతారు. "ఉష్. ఇంకా గొణుగుతోంది."