ఇంకొక్క రౌండు

మా చంటోడు కారు కదిలితేనే పడుకుంటాడు, ఆగితే లేస్తాడు. ఈ అలవాటు చేసింది మా ఆయనే. పొద్దున స్కూలు వ్యాను నడిపి, సాయంత్రం వాణ్ణి కారులో వేసుకుని కాలనీ చుట్టూ తిప్పేవారు. "బండి ఆగిందంటే టక్కున కళ్ళు తెరిచేస్తాడు నీ కొడుకు" అని గొప్పలు పోయేవారు. ఎనిమిది నెలలుగా నేనూ నమ్మాను.

సరిహద్దు దాటి మూడు గంటలు పోతే ఒక పెద్ద నగరం. అక్కడ కోట్లు కుట్టే కంపెనీలో పదకొండింటికి నాకు పరీక్ష. వాళ్ళిచ్చిన గుడ్డ మీద గీసి, కత్తిరించి చూపించాలి. నెగ్గితే కాపురం అక్కడికే మార్చాలి. వీడు కడుపున పడ్డప్పుడు ఊళ్ళో ఉన్న కటింగు పని పోయింది. ఇదీ పోతే మళ్ళీ కత్తెర పట్టే రాత లేదని నా భయం.

బస్సులో ఒక్కదాన్నే వెళ్ళొస్తానంటే మా ఆయన వినలేదు. "పాలు తాగే పిల్లాణ్ణి వదిలి ఎలా పోతావ్? అందరం పోదాం. అమ్మ కూడా ఊరు చూసినట్టుంటుంది" అన్నారు. నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయాను. బుద్ధి లేనిదాన్ని!

ఆ నగరంలో కాలు పెట్టే సందు లేదు. ఎటు చూసినా జనం, బళ్ళు, చదవరాని బోర్డులు. పదీ ఇరవైకి ఎర్ర ఇటుకలతో కట్టిన ఆ కంపెనీ ముందుకొచ్చాం. సరిగ్గా అప్పుడే చంటోడికి కన్నంటుకుంది.

"ఆపండి, దిగుతాను."

"ష్! ఇప్పుడేగా పడుకున్నాడు" అంది మా అత్తగారు. "లేస్తే నీకోసం గుక్కపట్టి ఏడుస్తాడమ్మాయ్."

"బోలెడు టైముంది. ఒక్క రౌండు కొడతా, గాఢంగా నిద్ర పట్టాక దిగుదువుగాని" అన్నారు ఆయన.

వాడి ఏడుపు చెవిన పడితే నా గీత వంకరపోతుందని నాకూ భయమే. సరే అన్నాను. అన్నీ వన్‌వేలు. మళ్ళీ ఎర్ర ఇటుకలు కనిపించేసరికి పదీ నలభై.

"వాడు కదులుతున్నాడ్రా" అంది అత్తగారు.

"ఇంకొక్క రౌండు" అన్నారు ఆయన. నేను నోరు తెరిచేలోపే బండి మలుపు తిరిగింది.

ఆ రౌండులో ఇరుక్కుపోయాం. ముందు ఎవరో లారీలోంచి మంచాలు దించుతున్నారు. మా ఆయన ఇంజను ఆపేశారు. పదకొండయింది. చుట్టూ హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. నేను ఒళ్ళో ఉన్న చంటోడి వంక చూశాను. నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"ఏవండీ, బండి ఆగి పావుగంటయింది. వీడు లేవలేదేం?"

ఆయన అద్దం తుడుస్తున్నారు. అత్తగారు మేడలు ఎంతెత్తున్నాయో చూస్తోంది.

"మిమ్మల్నే అడిగేది!"

"ఈ ఊళ్ళో నాకెవడిస్తాడే వ్యాను?" అన్నారు ఆయన, నావైపు తిరక్కుండానే.

ఒళ్ళు మండిపోయింది. పిల్లాణ్ణి అత్తగారి ఒళ్ళో పెట్టి, సంచి తీసుకుని అక్కడే దిగి పరిగెత్తాను. చేరేసరికి పదకొండున్నర.

"మీ బల్ల మీద గుడ్డ పరిచే ఉంచాం" అంది గేటు దగ్గరి ఆవిడ, పాపం మెత్తగానే. "రెండుసార్లు పిలిచి, వేరే ఆమెకిచ్చేశాం."

అద్దాల్లోంచి చూశాను. ఎవరో నా బల్ల మీద సుద్దతో గీత గీస్తోంది. తిన్నగా గీస్తోంది, ఏం తప్పు పట్టను?

బయటికొస్తే మా కారు గేటు ఎదురుగానే ఆగి ఉంది. ఇప్పుడు చోటు దొరికింది మహానుభావుడికి! చంటోడు లేచి, వాళ్ళ నానమ్మ ఒళ్ళో కేరింతలు కొడుతున్నాడు.

"ఒక్క ఏడుపు లేదమ్మాయ్, బంగారుకొండ!" అంది అత్తగారు.

"పోనీలే, ఊరన్నా చూశాంగా. ఎక్కు" అన్నారు ఆయన.

ఎక్కాను. చంటోడికి పాలిచ్చాను. వాడేం చేశాడు పాపం.

సాయంత్రం ఇంటి ముందు ఆగాం. చంటోడు నా భుజం మీద పడుకున్నాడు. ఆయన అలవాటు కొద్దీ ఇంజను ఆపలేదు. "లేస్తాడేమో, ఇంకొక్క రౌండు కొట్టనా?" అన్నారు.

"కొట్టండి. మీరూ మీ అమ్మా ఎన్నైనా కొట్టండి" అని వాణ్ణెత్తుకుని దిగి, కారు తలుపు ధడాలున వేశాను.

వాడు లేవలేదు.