వెలగకూడని గీత

నాన్న కణితి ముక్క పరీక్షకు నేను పనిచేసే ల్యాబ్‌కే వచ్చింది. అంత చిన్న ముక్కలోనూ వేలాది ప్రోటీన్లు. మేం తయారుచేసిన రసాయనం వాటన్నిటినీ వదిలేసి, రోగాన్ని పెంచే ఒక్క ఎంజైమునే పట్టుకుని వెలుగుతుంది. అదీ ఆ ఎంజైములో చోటు ఖాళీగా ఉంటేనే. నాన్న మింగుతున్న మాత్ర ముందే వెళ్లి అక్కడ కూర్చుంటే, తెర మీద ఆ ఎంజైము గీత నల్లగా ఉండిపోవాలి. అప్పుడే మందు పనిచేసినట్టు. ఇది పట్టకపోతే ఇంకో మందు లేదని డాక్టరు ముందే చెప్పాడు.

గీత పెళ్లివారిల్లులా వెలిగిపోయింది.

"దారుణ్" అని బెంగాలీలో మెచ్చుకున్నాడు పక్కనున్న సీనియర్ జయదేవ్ దా. ఇంత చక్కటి గీత ఈ ఏడాదిలో రాలేదట. ఆ ముక్క ఎవరిదో పాపం ఆయనకు తెలియదు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ చేశాను. మళ్లీ అలాగే వెలిగింది. ఫోన్లో ఫొటో తీసుకుని, బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

లిలువా రైల్వే కాలనీలో మా ఇంటి గడప తొక్కానో లేదో అమ్మ ఫోను లాక్కుంది.

"ఏటొచ్చిందే కెరోలిన్? అబ్బ, ఎంత ఎలుగో. దేవుడు మన మొర ఇన్నాడు."

వీధివీధంతా నా నోటికి జడుస్తుంది. ఆ పూట మాత్రం చెప్పులు విప్పే నెపంతో తల వంచుకున్నాను. అమ్మ ఫొటో నాన్నకు చూపించి, పాస్టరుగారికి చెప్పొస్తానని చెప్పులేసుకుని పరిగెత్తింది.

నాన్న ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. "వర్క్‌షాపులో ఇరుసుకి మెరిసే నూనె రాసి నీలం లైటు కింద సూసేవోళ్లం. ఎలిగిన కాడ పగులున్నట్టు. ఇదీ అంతేనేటి?"

తలూపాను. ఇక ఏడుపు ఆగలేదు.

"ఊరుకోమ్మా. మీ అమ్మకి ఇప్పుడే సెప్పకు. ఈ ఆదివారం దాటనీ."

ఆదివారం గుడిలో అమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని, దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యానికి లేచింది. "నా పెనిమిటి ఒంట్లో దేవుడు ఎలుగు నింపాడు" అని చేతులు జోడించింది. ఆ పక్కన కూర్చుని నేను చచ్చిపోతున్నాను. ఎవరి మీదో తెలియని కోపం.

మగవాళ్ల వైపు నుంచి నాన్న బెంచీ పట్టుకుని మెల్లగా లేచాడు. పుట్టి బుద్ధెరిగి ఏనాడూ సాక్ష్యం చెప్పని మనిషి.

"మా విజయ సెప్పింది నిజమే" అన్నాడు.

అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ నా వైపు చూసింది. నేనూ గట్టిగా అన్నాను.